నడిచేదీ, చదివేదీ ఒకటే ఫైల్: కంపైల్డ్ భాషల్లో స్క్రిప్టులు

(లినక్స్ వాడేవాళ్ళ నెలవారీ సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తెర మీద చూపించిన కోడ్‌ని వక్త నోటితో చదివినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే ముందుకి రండి, ముందు మూడు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. మనవాళ్ళకి ముందు కూర్చోవడమంటే కాలేజీ రోజుల నుంచీ భయమే కదా.

విషయంలోకి వెళ్ళే ముందు ఒక గొడవ చెప్తాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీలో, పేరు వద్దులెండి, నెలాఖరున ఒక రిపోర్ట్ తయారుచేసే ప్రోగ్రాం ఉండేది. చిన్నది. నాలుగైదు ఫైళ్ళు చదివి, కూడికలు వేసి, ఒక సీఎస్‌వీ పడేస్తుంది, అంతే. ఎవరో గో భాషలో రాసి, బిల్డ్ చేసి, అంటే కంపైల్ చేసి మెషిన్ నేరుగా నడపగలిగే బైనరీగా మార్చి, ఆ బైనరీని సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో పడేసి వెళ్ళారు. మూడేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. ఒక నెలాఖరు రాత్రి ఆగిపోయింది. సరే, సోర్స్, అంటే మనిషి రాసిన అసలు కోడ్, తీసి చూద్దాం అనుకున్నాం. సోర్స్ ఏదీ? కోడ్ భద్రపరుచుకునే గిట్‌లో లేదు. అంతకుముందు వాడిన పాత రిపాజిటరీలో కూడా లేదు. రాసినతనేమో ఉద్యోగం మారి డాలస్ వెళ్ళిపోయాడు. మనకి తెల్లవారుజామున రెండు, అతనికి మధ్యాహ్నం. ఫోన్ చేస్తే పాపం మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, అది నా పాత లాప్‌టాప్‌లో ఉండేది, మానేసేటప్పుడు లాప్‌టాప్ ఇచ్చేశాను కదా" అన్నాడు. ఇచ్చేశాక అది ఫార్మాట్ అయిపోయి ఇంకెవరి చేతికో వెళ్ళిపోయింది.

అప్పుడు ఏం చేశాం? స్ట్రింగ్స్ అని ఒక కమాండ్ ఉంది, బైనరీ లోపల మనిషి చదవగలిగే ముక్కలేమైనా ఉంటే బయటికి తీసి చూపిస్తుంది. గో బైనరీల్లో సోర్స్ ఫైల్ ఎక్కడ ఉండేదో ఆ పాత్ మామూలుగా అలాగే ఉండిపోతుంది. అది మాత్రం దొరికింది. అతని డెస్క్‌టాప్ మీద "టెస్ట్2 ఫైనల్ కొత్తది" అనే ఫోల్డర్ అట. ఫోల్డర్ పేరు మా దగ్గరుంది, ఫోల్డర్ లేదు. ఆ రాత్రి ఆ రిపోర్ట్‌ని నేను మళ్ళీ మొదటినుంచీ రాశాను.

ఇప్పుడు చెప్పండి, అదే ప్రోగ్రాం పైథాన్‌లో ఉండుంటే? అతను ఎక్కడికి వెళ్ళినా ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. సర్వర్‌లో నడిచే ఫైలే సోర్స్. క్యాట్ అని కొడితే మొత్తం కనిపిస్తుంది. స్క్రిప్ట్ అంటే నాకు అర్థమయ్యేది ఇదీ. నెమ్మదిగా నడిచేది స్క్రిప్ట్, వేగంగా నడిచేది ప్రోగ్రాం అంటుంటారే, నేను ఒప్పుకోను. నడిచేదీ, చదివేదీ ఒకటే ఫైల్ అయితే అది స్క్రిప్ట్. మరి ఆ లాభం పైథాన్‌కీ, బాష్‌కే ఎందుకుండాలి? సీకి ఉండకూడదా? గోకి, జావాకి, రస్ట్‌కి ఉండకూడదా? ఉండొచ్చు. ఎలా ఉంటుందో, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్దామనే వచ్చాను.

దోశ సంగతి మీకు తెలుసు కదా. ఆవకాయ సంగతీ తెలుసు. ఆవకాయ వేసవిలో ఒకసారి పెడతాం, జాడీలో దాస్తాం, ఏడాదంతా మూత తీసి వేసుకోవడమే. బిల్డ్ చేసి బైనరీ పంపడం అలాంటిది. దోశ అలా కాదు, అడిగినప్పుడే పెనం మీద పడాలి. ఫైల్‌ని కమాండ్ లైన్ మీద స్క్రిప్ట్‌లా నడపడమంటే దోశ వేయడమన్నమాట. కంపైల్ అవ్వకుండా పోదు, కంపైల్ అవుతుంది, కానీ మీరు అడిగిన ఆ క్షణంలో అవుతుంది, తినేశాక పెనం తుడిచేస్తారు. మరి దోశకి పిండి ఎప్పుడు రుబ్బారు? నిన్న రాత్రి! ఆ పిండి సంగతి గో దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను, అక్కడ అది బాగా కుదురుతుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కూడా కాదు. 1965లో కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో కొందరు విద్యార్థులు ఐబీఎం 7040 మెషిన్ కోసం వాట్‌ఫర్ అని ఒక ఫోర్‌ట్రాన్ కంపైలర్ రాశారు. వందలమంది విద్యార్థులు కార్డులు పట్టుకుని క్యూలో నిలబడతారు, ఒక్కొక్కరి ప్రోగ్రాం ఒక్కసారే నడుస్తుంది, నడిచాక చెత్తబుట్టలోకే. అలాంటప్పుడు కంపైల్ చేసి, ఆ ఫలితాన్ని బయట ఎక్కడో రాసి, మళ్ళీ దాన్ని లోడ్ చేసి నడపడం ఎందుకు? మెమరీలోనే కంపైల్ చేసి అక్కడికక్కడే నడిపేస్తే పోలా? పోయింది. లోడ్ అండ్ గో అనేవాళ్ళు దాన్ని. అరవై ఏళ్ళయింది. మనం ఇవాళ కొత్త ఫీచర్ అని చప్పట్లు కొడుతున్నది దాన్నే.

సరే, అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మీరు టెర్మినల్‌లో డాట్ స్లాష్ ఫలానా అని కొట్టి ఎంటర్ నొక్కారు. షెల్, అంటే మీ కమాండ్లు అందుకునే ప్రోగ్రాం, వెళ్ళి కెర్నల్‌ని, అంటే లినక్స్ గుండెకాయని, అడుగుతుంది, ఈ ఫైల్‌ని నడపవయ్యా అని. కెర్నల్‌కి మీ ఫైల్ పేరు చివర డాట్ సీ ఉందా, డాట్ గో ఉందా అన్నది మామూలుగా పట్టదు. ఫైల్ మొదట్లో ఉన్న బైట్లు చూస్తుంది. 7ఎఫ్ అనే బైట్, ఆ వెనకే ఈ, ఎల్, ఎఫ్ అక్షరాలు ఉంటే ఇది ఎల్ఫ్ బైనరీ అని నేరుగా మెమరీలోకి ఎక్కిస్తుంది. అలా కాకుండా మొదటి రెండు బైట్లూ #! అయితే, ఆ వరసలో రాసి ఉన్న ప్రోగ్రాంని నడిపి, మీ ఫైల్ పేరుని దాని చేతికి ఇస్తుంది. షెబాంగ్ అంటాం. దీన్ని 1980 జనవరిలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ యూనిక్స్‌లోకి తెచ్చాడు. అంతకుముందు ఏం చేసేవాళ్ళు? కెర్నల్ ఆ ఫైల్‌ని చూసి "నాకు అర్థం కాలేదు" అనేది, అప్పుడు షెల్ "పోన్లే, నాలాంటి షెల్ స్క్రిప్టే అయ్యుంటుంది" అనుకుని తనే వరస వరసా చదివి నడిపేది. ఆ పాత అలవాటు ఇప్పటికీ పోలేదు. గుర్తుపెట్టుకోండి, దాని మీద ఆధారపడిన ఒక దొంగ ఉపాయం తర్వాత వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న అదృష్టం ఉంది, ఎవరైనా గమనించారా? షెల్‌లో, పెర్ల్‌లో, పైథాన్‌లో, రూబీలో # అంటే కామెంట్. కాబట్టి పైన ఈ వరస ఉన్నా ఆ భాషకి నష్టం లేదు, చదవకుండా దాటేస్తుంది. సీలో # అంటే ప్రీప్రాసెసర్‌కి, అంటే కంపైల్‌కి ముందు ఫైల్‌ని సర్దేదానికి, ఇచ్చే ఆజ్ఞ. గోలో, జావాలో # అక్షరానికి అసలు చోటే లేదు. మన చిక్కంతా ఆ ఒక్క అక్షరం దగ్గర పడింది.

సీ నుంచి మొదలుపెడదాం. ఫాబ్రీస్ బెలార్డ్ పేరు విన్నవాళ్ళెంతమంది? నలుగురు. ఆయన పేరు తెలియకపోయినా ఆయన పని మీరంతా వాడారు. వీడియోలని మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ మొదలుపెట్టింది ఆయనే, కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ని నడిపే క్యూఈఎంయూ మొదలుపెట్టిందీ ఆయనే. ఆయనే టైనీ సీ కంపైలర్ అని ఒకటి రాశాడు, టీసీసీ. 2001లో కావాలనే అర్థంకాకుండా సీ కోడ్ రాసే పోటీలో గెలిచిన ఒక బుల్లి కంపైలర్ నుంచి పుట్టింది అది. దాని ప్రత్యేకత డాష్ రన్ అనే ఆప్షన్. సీ ఫైల్‌ని మెమరీలోనే కంపైల్ చేసి వెంటనే నడిపేస్తుంది, డిస్క్ మీద ఏమీ రాయదు. పైన #! పెట్టి, స్లాష్ యుఎస్ఆర్ స్లాష్ బిన్ స్లాష్ టీసీసీ, ఒక ఖాళీ, డాష్ రన్ అని రాయండి, ఫైల్‌ని నడపడానికి అనుమతిచ్చే సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్ కొట్టండి, అయిపోయింది, మీ సీ ఫైల్ స్క్రిప్ట్. మొదటి వరసని టీసీసీ పట్టించుకోదు.

ఎంత వేగమంటే, 2004లో బెలార్డ్ టీసీసీబూట్ అని చేసి చూపించాడు. కంప్యూటర్ ఆన్ చేయగానే లినక్స్ కెర్నల్ సోర్స్‌ని కంపైల్ చేసి, ఆ కెర్నల్‌లోకే బూట్ అవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 మీద 15 సెకన్ల లోపు. కెర్నల్‌ని స్క్రిప్ట్‌లా నడిపాడు ఆ మనిషి! మరి దీనికి చెల్లించే మూల్యం ఏమిటి? టీసీసీ ఆప్టిమైజేషన్, అంటే కోడ్‌ని వేగంగా నడిచేలా చెక్కడం, పెద్దగా చేయదు. లెక్కలు దంచే ప్రోగ్రాం అయితే మనం మామూలుగా వాడే పెద్ద కంపైలర్ జీసీసీ ముందు వెలవెలపోతుంది. కానీ మన స్క్రిప్టులు చేసేదేమిటి, ఫైల్ తెరవడం, చదవడం, రాయడం. ఎక్కువసేపు డిస్క్ కోసం ఎదురుచూడటమే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

టీసీసీ లేదు, జీసీసీ మాత్రమే ఉంది అంటారా? అప్పుడు ఆ దొంగ ఉపాయం. నాకు చాలా ఇష్టమైనది ఇది. ఫైల్ మొదటి వరస #ఇఫ్ 0. రెండో వరసలో మామూలు షెల్ కమాండ్: ఈ ఫైల్‌నే, అంటే $0ని, జీసీసీకి ఇచ్చి ఒక తాత్కాలిక బైనరీ చెయ్యి, అయ్యాక ఎగ్జెక్‌తో దాన్ని నడుపు. మూడో వరస ఎగ్జిట్. నాలుగో వరస #ఎండిఫ్. ఆ కింద మీ సీ కోడ్. ఇప్పుడు ఈ ఫైల్‌ని నడిపితే ఏమవుతుంది? మొదట #! లేదు కాబట్టి కెర్నల్ అర్థం కాలేదంటుంది. షెల్ తన పాత అలవాటు ప్రకారం తనే చదువుతుంది. #ఇఫ్ దానికి కామెంట్. రెండో వరస నడిపిస్తుంది, పని అయిపోతుంది. అదే ఫైల్‌ని జీసీసీ చదివినప్పుడు? #ఇఫ్ 0 నుంచి #ఎండిఫ్ వరకూ దానికి లేనట్టే. ఒకే ఫైల్‌ని ఇద్దరు చదివారు, ఎవరికి కావలసింది వాళ్ళు చదివారు, రెండోవాడి సంగతి మొదటివాడికి తెలియదు. అత్తగారికి ఒక ఉత్తరం, మొగుడికి ఒక ఉత్తరం ఒకే కాగితం మీద రాసినట్టు.

గోలో కూడా ఇదే రకం. గోలో కామెంట్ అంటే // కదా. లినక్స్‌లో పాత్ మొదట్లో రెండు స్లాష్‌లున్నా ఒక స్లాష్ కిందే లెక్క. కాబట్టి మొదటి వరసలో // పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా యుఎస్ఆర్ స్లాష్ బిన్ స్లాష్ ఎన్వ్, గో రన్, "$0", "$@", సెమీకోలన్, ఎగ్జిట్. గోకి అది కామెంట్. షెల్‌కి అది కమాండ్. చివర ఎగ్జిట్ ఎందుకు? లేకపోతే షెల్ రెండో వరసకి వెళ్ళి ప్యాకేజ్ మెయిన్ అనే కమాండ్ ఎక్కడుందని వెతుకుతుంది కాబట్టి. నేను మొదటిసారి అది మర్చిపోయాను. ప్రోగ్రాం చక్కగా నడిచి, ఆ వెనకే పది ఎర్రర్లు వచ్చాయి, పెళ్ళి అయ్యాక డప్పులు వచ్చినట్టు.

ముచ్చటగా ఉంది కదా? ఇప్పుడు ఇది ఎక్కడ బెడిసికొడుతుందో చెప్తాను, ఈ భాగం రాసుకోండి. టెర్మినల్‌లో నడిచింది. చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్‌లో కూడా నడుస్తుంది, ఎందుకంటే క్రాన్ మీ కమాండ్‌ని షెల్ చేతికే ఇస్తుంది. అదే ఫైల్‌ని, లినక్స్‌లో వెనకాల నడిచే సర్వీసులని చూసుకునే సిస్టమ్‌డీలో, ఒక సర్వీస్‌గా పెట్టండి. ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అని ఆగిపోతుంది. ఎందుకు? మధ్యలో షెల్ లేదు! సిస్టమ్‌డీ నేరుగా కెర్నల్‌ని అడుగుతుంది, కెర్నల్ నాకు అర్థం కాలేదంటుంది, "పోన్లే" అనుకునే పెద్దమనిషి అక్కడ ఎవరూ లేరు. పైథాన్‌లో సబ్‌ప్రాసెస్ నుంచి, షెల్ పెట్టకుండా, పిలిచినా ఇదే గతి. మీ టెర్మినల్‌లో నడిచింది కదా అని శుక్రవారం సాయంత్రం సర్వర్‌లో పెట్టి ఇంటికి వెళ్ళకండి.

గో రన్‌కి ఇంకో రెండు మూడు తిక్కలు ఉన్నాయి. ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఏమైందో చెప్పే అంకె ఎగ్జిట్ కోడ్. మీ ప్రోగ్రాం ఎగ్జిట్ కోడ్ 3తో బయటికొచ్చిందనుకోండి, గో రన్ తెర మీద ఎగ్జిట్ స్టేటస్ 3 అని రాస్తుంది కానీ తను మాత్రం 1తోనే బయటికొస్తుంది. 3 అయితే ఒక పని, 4 అయితే ఇంకో పని అని పై స్క్రిప్ట్‌లో రాసుకుంటే అన్నీ 1లే వస్తాయి. ఇంకోటి, గో రన్ తయారుచేసిన బైనరీని తాత్కాలిక ఫోల్డర్‌లో, మామూలుగా స్లాష్ టెంప్‌లో, పెట్టి నడుపుతుంది. కొన్ని చోట్ల సర్వర్లని గట్టిగా బిగించేవాళ్ళు స్లాష్ టెంప్‌ని నోఎగ్జెక్‌తో మౌంట్ చేస్తారు, అంటే అక్కడున్న ఏ ఫైల్‌నీ నడపనివ్వరు. పర్మిషన్ డినైడ్ అని వస్తుంది, మీరేమో మీ సోర్స్ ఫైల్ పర్మిషన్లు చూసుకుంటూ గంట కూర్చుంటారు. నేను కూర్చున్నాను. గోటెంప్‌డిర్ అనే వేరియబుల్‌ని వేరే ఫోల్డర్‌కి చూపిస్తే సరిపోతుంది. మూడోది, హోమ్ వేరియబుల్ లేని చోట నడిపితే బిల్డ్ క్యాష్, అంటే ఒకసారి కంపైల్ చేసినవి దాచుకునే చోటు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గో మొరాయిస్తుంది. ఇదీ సిస్టమ్‌డీ దగ్గరే ఎక్కువ వస్తుంది.

క్యాష్ అన్నాను కదా, ఇప్పుడు పిండి సంగతి. 2018 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.10 నుంచీ బిల్డ్ క్యాష్ ఉంది. మీ ప్రోగ్రాం వాడే ప్యాకేజీలు ఒకసారి కంపైలయ్యాక ఆ ముక్కలు దాచి ఉంటాయి. అది రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టిన పిండి. కానీ ఆ ముక్కలన్నీ అతికించి చివరి బైనరీ చేయాలి చూశారూ, లింకింగ్, దాన్ని గో రన్ ప్రతిసారీ మళ్ళీ చేసేది, చేసి, నడిపి, పారేసేది. ఒక్క అక్షరం మార్చకపోయినా సరే. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 1.24లో ఆ చివరి బైనరీని కూడా దాచడం మొదలుపెట్టారు. నా పాత లాప్‌టాప్‌లో తేడా చేతికే తెలుస్తుంది. ఎంటర్ నొక్కి టీ కప్పు అందుకునేవాణ్ణి, ఇప్పుడు చెయ్యి కప్పు దాకా వెళ్ళేలోపే జవాబు వచ్చేస్తోంది.

ఒక మాట పక్కకి. చిన్న డెమో కోసం తెలుగు అనే పదం పొడవెంత అని గోలో అడిగాను. ఎంత చెప్పిందో ఊహించండి. మూడా? కాదు. ఆరా? ఆరూ కాదు. 18 చెప్పింది. ఎందుకంటే గోలో పొడవు చెప్పే లెన్ లెక్కపెట్టేది బైట్లు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడ్‌లో విడివిడి గుర్తులు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి మూడు బైట్లు. మనం చూసే అక్షరాలేమో మూడు. ఇలాంటి సందేహం వచ్చినప్పుడు ప్రాజెక్ట్ ఫోల్డర్ పెట్టి, మాడ్యూల్ పెట్టి, అవన్నీ ఎవరు చేస్తారు? ఆరు వరసల ఫైల్ రాసి నడిపి చూసేస్తాం. కంపైల్డ్ భాషలో ఈ సరదా ఉంటే ఆ భాష త్వరగా చేతికి వస్తుంది, నా అనుభవం అది.

ఇప్పుడు జావా. ఈ గదిలో అమీర్‌పేటలో జావా నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది? ఆ, అన్ని చేతులూ లేచాయి. మొదటి రోజు క్లాసులో ఏం చెప్పారు? జావాసీతో కంపైల్ చెయ్యాలి, క్లాస్ ఫైల్ వస్తుంది, తర్వాత జావాతో నడపాలి. పరీక్షలో కూడా అదే రాశాం. 2018 సెప్టెంబర్‌లో జేడీకే 11, అంటే జావా 11, వచ్చాక అది తప్పనిసరి కాదు. జావా ఖాళీ ఫలానా డాట్ జావా అని కొడితే చాలు, మెమరీలో కంపైల్ చేసి నడిపేస్తుంది, క్లాస్ ఫైల్ డిస్క్ మీద కనపడదు. జెప్ 330 అని వెతకండి, ఆ మార్పు ప్రతిపాదన పేరు అది. షెబాంగ్ కూడా పెట్టుకోవచ్చు, కాకపోతే అలా పెట్టిన ఫైల్ పేరు చివర డాట్ జావా ఉండకూడదు, పైన డాష్ డాష్ సోర్స్ అని వెర్షన్ చెప్పాలి. ఎందుకంటే #! ఉన్న ఫైల్ చట్టప్రకారం జావా ఫైల్ కాదు, భాషని మార్చడం వాళ్ళకి ఇష్టం లేదు, లాంచర్ మాత్రం ఆ వరస తీసేసి కంపైలర్‌కి ఇస్తుంది. పట్టుదల చూడండి!

2024 మార్చిలో జేడీకే 22తో ఒక ఫైల్ పక్కనున్న ఇంకో ఫైల్‌ని పిలిచినా నడుస్తోంది. 2025 సెప్టెంబర్‌లో జేడీకే 25తో పబ్లిక్ క్లాస్, పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్, స్ట్రింగ్ బ్రాకెట్లు, ఆ అష్టోత్తరమంతా అక్కర్లేదు. వాయిడ్ మెయిన్ అని రాసి లోపల మీ పని రాసుకోవడమే. మనం కంఠస్థం చేసిందంతా వృథా అని బాధపడేవాళ్ళు పడొచ్చు. ఒక లోటు మాత్రం ఉంది, జావా ఈ పద్ధతిలో ఏదీ దాచదు, ప్రతిసారీ మళ్ళీ కంపైల్. పిండి రుబ్బడం దగ్గర్నుంచీ మొదలు. అరనిమిషానికోసారి నడిచే పనికి ఇది పెట్టకండి.

ఇందాక షెబాంగ్ గురించి చెప్తూ ఒకటి వదిలేశాను. లినక్స్ కెర్నల్ ఆ వరసలో ప్రోగ్రాం పేరు తర్వాత ఎన్ని మాటలున్నా అన్నీ కలిపి ఒకే ఆర్గ్యుమెంట్‌గా ఇస్తుంది. మాక్‌లో అయితే విడగొట్టి ఇస్తుంది. దానివల్ల మాక్‌లో రాసిన స్క్రిప్ట్ లినక్స్‌కి రాగానే, ఉదాహరణకి నిమ్ భాషలో రాసినదైతే, "నిమ్ ఆర్" అనే పేరు గల ప్రోగ్రాం లేదు అని వస్తుంది. నిమ్ ఒకటీ, ఆర్ ఒకటీ అని దానికి తెలియదు. 2018లో కోర్‌యుటిల్స్ 8.30తో, ప్రోగ్రాంని పేరుతో వెతికి నడిపే ఎన్వ్‌కి, డాష్ పెద్ద ఎస్ అనే ఆప్షన్ వచ్చింది, అది విడగొట్టి పెడుతుంది. పాత సర్వర్లలో అది ఉండదు, చూసుకోండి.

ఇంకోటి, ఇది మాత్రం నన్ను ఏడిపించింది. ఒకాయన విండోస్‌లో ఎడిట్ చేసి ఫైల్ పంపాడు. నడిపితే నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ. ఫైల్ కళ్ళముందే ఉంది! #! వరసలో రాసిన పైథాన్ కూడా ఉంది! ఏం లేదు మరి? విండోస్ ప్రతి వరస చివరా క్యారేజ్ రిటర్న్ అనే కనపడని అక్షరం పెడుతుంది. కెర్నల్ వెతికింది పైథాన్ కోసం కాదు, పేరు చివర ఆ కనపడని తోక ఉన్న పైథాన్ కోసం. అలాగే కొన్ని ఎడిటర్లు ఫైల్ మొదట్లో బీఓఎం అని మూడు బైట్లు పెడతాయి, అప్పుడు మొదటి రెండు బైట్లూ #! కానే కావు. క్యాట్ డాష్ పెద్ద ఏ అని చూస్తే రెండూ బయటపడతాయి.

ఇక కష్టమైన సంగతి. స్టాండర్డ్ లైబ్రరీతో పని అయిపోతే ఒక ఫైల్ చాలు. బయటి లైబ్రరీ కావాలంటే? గోలో లైబ్రరీల జాబితా ఉండే గో డాట్ మాడ్ కావాలి, అంటే రెండో ఫైల్ వచ్చేసింది, మన ముచ్చట పోయింది. ఈ విషయంలో అందరికంటే ముందు ఆలోచించినవాళ్ళలో డీ భాష వాళ్ళున్నారు. డీ భాష వ్యాకరణంలోనే మొదటి వరసలో #! ఉండొచ్చని రాసుకున్నారు, ఆర్‌డీఎండీ అనే పనిముట్టు కంపైల్ చేసి, దాచి, సోర్స్ మారితేనే మళ్ళీ చేస్తుంది. డబ్ అనే ఇంకో పనిముట్టుతో లైబ్రరీల జాబితాని అదే ఫైల్‌లో పైన కామెంట్‌లో పెట్టుకోవచ్చు. ఇంత బుద్ధిగా చేసినా డీ వాడేవాళ్ళు ఎక్కువమంది లేరు, అది వేరే బాధ. సీషార్ప్ వాళ్ళు 2025 నవంబర్‌లో డాట్‌నెట్ 10తో అదే దారికొచ్చారు. ప్రాజెక్ట్ ఫైల్ లేకుండా డాట్‌నెట్ రన్ ఫలానా డాట్ సీఎస్, పైన #:ప్యాకేజ్ అని రాసి లైబ్రరీ పేరు. డాట్‌నెట్ అంటే పది ఫైళ్ళ ప్రాజెక్ట్ అనే రోజులు చూసిన నాకు అది నమ్మబుద్ధి కాలేదు.

రస్ట్‌లో ఒక తమాషా ఉంది. రస్ట్‌లో #![ అని మొదలయ్యే వరసకి వేరే అర్థం ముందే ఉంది, అట్రిబ్యూట్, అంటే కంపైలర్‌కి ఇచ్చే సూచన. అందుకని కంపైలర్ #! చూడగానే ఆగి, తర్వాత వచ్చేది చదరపు బ్రాకెట్టా కాదా అని తొంగి చూస్తుంది. బ్రాకెట్ అయితే భాష, కాకపోతే షెబాంగ్. కార్గో స్క్రిప్ట్ అని ఫైల్ పైన మూడు డాష్‌ల మధ్య లైబ్రరీల జాబితా రాసుకునే పద్ధతి నైట్లీలో, అంటే ఇంకా ఖరారు కాని రోజువారీ వెర్షన్‌లో, చాలాకాలంగా తిరుగుతోంది. నేను ఇంట్లో వాడుకుంటాను, ఆఫీసులో వాడను. నైట్లీ కదా.

మరి అన్నీ ఇలాగే నడపాలా అంటే, వద్దు. సర్వర్‌లో రోజుకి లక్షసార్లు పిలిచే దాన్ని ఎవరూ దోశలా వేయరు. నెలకోసారి, రోజుకోసారి, లేదా ఏదైనా పాడైనప్పుడు మాత్రమే నడిచే వాటి గురించి నా గోల అంతా. వాటికే సోర్స్ పోతుంది. పెద్ద ప్రోగ్రాంకి గిట్ ఉంటుంది, టీం ఉంటుంది, దాన్ని చూసుకునేవాళ్ళుంటారు. చిన్నదానికి దిక్కెవరు?

ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పండి. "సర్వర్‌లో కంపైలర్ పెట్టకూడదని మా సెక్యూరిటీ టీం అంటారు, మరి ఎలా?" మంచి ప్రశ్న. మొదటి జవాబు, ఆ సర్వర్‌లో పైథాన్ ఉందా అని అడగండి. ఉంటే, ఏ కోడైనా నడపగలిగే వస్తువు అక్కడ ముందే ఉన్నట్టే కదా? నవ్వుతారు, ఒప్పుకోరు. వాళ్ళతో గొడవ వద్దు. రెండో జవాబు, బైనరీనే పెట్టండి, కానీ సోర్స్‌ని దాని కడుపులో పెట్టి పంపండి. గో 1.16 నుంచీ, 2021 ఫిబ్రవరి అనుకోండి, ఎంబెడ్ అని ఉంది, ఏ ఫైల్‌నైనా బైనరీ లోపల దాచొచ్చు. ఏ ఫైల్‌నైనా అంటే మెయిన్ డాట్ గోని కూడా. రెండు వరసల కోడ్ అంతే. ఆ రాత్రి మళ్ళీ రాసిన రిపోర్ట్ ప్రోగ్రాంలో తర్వాత నేను చేసిన పని అదే, డాష్ డాష్ సోర్స్ అని ఇస్తే తన సోర్స్ మొత్తం తనే తెర మీద కక్కేస్తుంది. నేను ఆ కంపెనీ మానేసి చాన్నాళ్ళయింది. పోయిన ఏడాది అక్కడి కుర్రాడెవరో ఫోన్ చేసి, "అన్నా, మీరు రాసిన రిపోర్ట్‌లో ఒక కాలమ్ మార్చాలి, కోడ్ ఎక్కడుంది?" అన్నాడు. ఆ బైనరీనే అడగమన్నాను. మళ్ళీ ఫోన్ రాలేదు.